అంటనియ్యని పెనం

రెండుసార్లు పెట్టిన పిండాలు నా గర్భసంచికి అంటుకోలేదు. మూడోది, ఆఖరిది, ఆసుపత్రి ఫ్రీజర్‌లో ఉంది. అది పెట్టేముందు డాక్టర్ ఎలీనా మా ఇద్దరినీ కూర్చోబెట్టి, ప్లాస్టిక్ డబ్బాల్లో వేడి కూరలు, ఘాటు సెంట్లు, గీతలు పడ్డ నాన్‌స్టిక్ పెనాలు తగ్గించమన్నారు. వాటిలోని కొన్ని రసాయనాలు హార్మోన్ల పనిలో వేలు పెడతాయట. అండం మీద, పిండం అంటుకునే గర్భసంచి పొర మీద ప్రభావం ఉండొచ్చట.

"మీ విషయంలో అదే కారణమని చెప్పలేను. ఉండొచ్చు, అంతే. జాగ్రత్త మాత్రం ఇద్దరికీ."

మావారు ఓంప్రకాశ్ శ్రద్ధగా తలూపారు. తిరుమలగిరిలో ఇంటికి చేరగానే నా సెంటు సీసాలన్నీ పారేశారు. తనది మాత్రం ఆఫీసుకు తప్పదని దాచుకున్నారు.

బొల్లారంలో ఉండే మా అత్త బాలమ్మకు ఆయనే ఫోన్‌లో ఇదంతా అచ్చ తెలుగులో వివరించారు. మర్నాడే ఆమె ఆటో దిగి నేరుగా వంటింట్లోకి వెళ్లి నాన్‌స్టిక్ పెనం చేతిలోకి తీసుకుంది.

"నాన్‌స్టిక్ అంటే అంటనియ్యదని కద బిడ్డా. దోశనే అంటనియ్యదు, ఇగ పిండాన్ని అంటనిస్తదా?"

"దానికీ దీనికీ సంబంధం లేదత్తమ్మా. గీతలు పడితే పైపూత ఊడొస్తదని..."

"నేననేది సుత గదే."

పెనం చెత్తబండికి పోయింది. అంతటితో ఊరుకుంటే ఆమె మా అత్త ఎందుకవుతుంది? ఇక నేను జిగురున్నవే తినాలని తీర్మానించింది. పిండం పెట్టిన రోజు నుంచి బెండకాయ పులుసు, చామగడ్డ కూర, తుమ్మబంక లడ్డూలు షురూ. కూరలన్నీ పొగలు కక్కుతూ, మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాల్లోనే వచ్చేవి. నాకు ఒళ్లు మండిపోయేది. స్టీలు గిన్నెలో తెమ్మంటే "సల్లారిపోతది బిడ్డా" అనేది.

మూడోది కూడా నిలవలేదు. రక్తపరీక్ష సంగతి తెలిశాక గదిలో పడుకుని ఏడ్చాను. మావారికి నా పక్కన కూర్చోవాలని తోచలేదు, బాల్కనీలో నిలబడ్డారు. అప్పుడే, కూర డబ్బాతో వచ్చి హాల్లో కూర్చున్న అత్తకు ఫోనొచ్చింది. మామగారి చెల్లెలు. చెవి సరిగ్గా వినిపించదని అత్త ఎప్పుడూ స్పీకర్ పెడుతుంది.

"దోషం ఎవలదంట వదినా?"

"ఎవలదీ గాదు. పెనంల ఉన్నదంట, డబ్బలల్ల ఉన్నదంట. డాక్టరమ్మ గట్టిగ చెప్పింది."

డాక్టరమ్మ గట్టిగా ఏమీ చెప్పలేదు. అలవాటు కొద్దీ సరిదిద్దుదామని లేచాను.

"గిదేం ముచ్చట? అందరు తింటలేరా గా పెనంల?"

"తింటున్నరు. ఓంప్రకాశ్ కంటె ముందు నాకు ముగ్గురు కడుపులనే పోయిన్రు. గప్పుడు మనింట్ల అన్నీ మట్టికుండలే. దోషం నాదే అని ఊరంత చెప్పినవు నువ్వు. నా దిక్కు మాట్లాడెతందుకు ఒక్కరు లేకుండె. నా కోడలికి నేనున్న."

అత్త ఫోన్ పెట్టేసి కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. ఏమీ సరిదిద్దలేదు.