సబ్బుపెట్టెలో నత్త

అడవి అంచున వేసిన పిల్లల క్యాంపులో అంతా జంటలే. జంటకో భూతద్దం. ఇద్దరూ కలిసి రాయి ఎత్తాలి, కింద ఏ పురుగుందో చూడాలి, మళ్లీ రాయిని ఎలా ఉన్నదో అలాగే పెట్టాలి. ఏదైనా సరే, తీసింది తీసినచోటే ఉండాలన్నది అక్కడి నియమం. టీచరక్క జంటలు కట్టడం పూర్తిచేసేసరికి, ఇంట్లో అందరూ చిట్టి అని పిలుచుకునే పిల్ల ఒక్కతే మిగిలింది.

"నువ్వు నా జంట," అంది టీచరక్క.

మాటైతే ఇచ్చింది గానీ, ఆవిడకి ఊపిరి పీల్చుకునే తీరికేదీ? ఒకరికి ముల్లు గుచ్చుకుంటుంది, ఇంకొకరి చెప్పు వాగులో కొట్టుకుపోతుంది. చిట్టి భూతద్దం పట్టుకుని సాయంత్రందాకా ఒక్కతే తిరిగింది. వాగు ఒడ్డున ఒక పలకరాయి కింద నత్త కనిపించింది. కొమ్ములు ఇటు తిప్పి, ఆగి చూసింది. పొద్దున్నుంచీ తనకేసి తీరిగ్గా చూసింది అదొక్కటే. చిట్టి దాన్ని సబ్బుపెట్టెలో పెట్టుకుని డేరాకి తెచ్చేసుకుంది.

తెల్లారి చూస్తే నత్త గుల్లలో ముడుచుకుపోయి ఉంది. పిలిచినా పలకలేదు, ఊపినా కదల్లేదు. చెబితే నియమం తప్పానని అందరికీ తెలిసిపోతుంది. చెప్పకపోతే ఇది చచ్చిపోతుంది. చిట్టి వెళ్లి, పళ్లు తోముకుంటున్న టీచరక్క ముందు పెట్టె తెరిచింది.

"ఎందుకు తెచ్చావే తల్లీ?"

"కబుర్లు చెప్పుకుందామని."

"ఏమంటోంది?"

"తలుపేసుకుంది."

టీచరక్క నవ్వబోయి ఆగిపోయింది. పెట్టెని వాసన చూసింది. "దానికి సబ్బు అంటుకుందే. పద, కడుగుదాం. జంటనని చెప్పి నిన్ను గాలికొదిలేశాను కదూ."

వాగునీళ్లతో కడిగి, ఆ పలకరాయి పక్కనే పెట్టారు. అంతలో డేరాల దగ్గర ఎవరో ఏడుపు లంకించుకున్నారు. "ఇప్పుడే వస్తా," అంటూ టీచరక్క పరిగెత్తింది. టిఫిన్ గంట కూడా మోగింది. చిట్టి కదల్లేదు. గుల్ల మీద నీళ్లు చిలకరిస్తూ గొంతుక్కూర్చుంది.

చాలాసేపటికి ఒక కొమ్ము బయటికొచ్చింది. తర్వాత రెండోది. నత్త ఈసారి చిట్టికేసి చూడలేదు. సన్నటి తడిగీత గీసుకుంటూ, తన దారిన తాను రాతికిందికి వెళ్లిపోయింది.

బతికే ఉందని చెబుదామని చిట్టి వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు. ఖాళీ సబ్బుపెట్టె మూత తీసి, మెల్లిగా దానికే చెప్పింది.