ఇష్టపూర్వకంగా

కన్నతల్లి పెద్దకర్మ అయిన పదో నాడు వీరయ్య అక్కకూ చెల్లెకూ ఫోన్ చేసి లింగాల ఘనపూర్ తహసీల్ ఆఫీసుకు రమ్మన్నాడు. అవ్వ పేర ఉన్న మూడెకరాలు తన పేరు మీదికి మారాలి. ఆడబిడ్డలు మాకేం వద్దని కాగితం మీద వేలిముద్ర వేస్తారు, అన్నదమ్ములు చీరలు పెడతారు. ఆ పక్క ఊళ్లన్నిటిలో ఇదే వరస. అడగడమంటూ ఉండదు.

అక్క యాకమ్మ పాలకుర్తి నుంచి ఆటోలో వచ్చింది. భర్తను కాటికి సాగనంపింది, పెద్దబిడ్డను సాగనంపింది, మొన్న కన్న అవ్వను. పుట్టింటి వైపు ఇక మిగిలింది తమ్ముడి గడప ఒక్కటే. అదీ మూసుకుంటే?

అయినా ఒక వాక్యం ఆమెను కొన్నాళ్లుగా నిలవనీయడం లేదు. యాభై దాటాక మనవరాలి ఒకటో తరగతి పుస్తకం ముందేసుకుని అక్షరాలు నేర్చిన మనిషి. గ్రంథాలయంలో అట్టలూడిన నూరేళ్ల కిందటి స్త్రీల పత్రిక దొరికితే నెలరోజులు చదివింది. 'ఒక సోదరి' అని మాత్రమే సంతకం చేసిన ఆవిడ అందులో ఇలా రాసింది: "మా నోరు మూయించి, ఆ మౌనమునకు అంగీకారమని పేరు పెట్టుచున్నారు."

చెల్లెలు రాజీ అప్పటికే వచ్చి ఆఫీసు ముందు బల్ల మీద కూర్చుంది. మొగుడు వదిలేసి పోయాక కేసముద్రం మార్కెట్లో బస్తాలు కుట్టుకుని బతుకుతోంది.

కాగితాలు రాసే ఎల్లేశ్ సిరా డబ్బీ మూత తీశాడు. "పెద్దమ్మా, బొటనవేలు."

"జర ఆగు బిడ్డా. చదువుకుంట."

వీరయ్య నవ్వాడు. "మా అక్క పేపర్ సుత చదువుతది. కానియ్ కలెక్టరమ్మా!"

యాకమ్మ అక్షరాల కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివింది. ఒకచోట ఆగి, మళ్లీ వెనక్కి పోయి చదివింది.

"తమ్మీ, 'ఇష్టపూర్వకంగా' అని రాసిన్రు. గా మాట తీసెయ్యమను. ముద్రేస్త."

"అది లేకుంటే కాయితం చెల్లది పెద్దమ్మా," అన్నాడు ఎల్లేశ్.

"మరి మా ఇష్టం ఎవ్వలడిగిన్రు? అబద్ధం మీద ఏలెట్ల పెడ్త?"

వీరయ్య ముఖం మాడింది. "అవ్వ మంచాన పడితే పదేండ్లు ఎత్తిపోసింది నేను గాదా?"

"నువ్వే. కాదంటలేను. నువ్వు ఎక్కువ తీస్కో. మాకు మొత్తానికే లేకుంట ఎట్ల?"

"అంటే... భూమి కావాల్నా అక్కా?"

యాకమ్మ కాగితం బల్ల మీద పెట్టింది. పుట్టింట్లో ఆమె ఎన్నడూ అనని మాట అది.

"కావాలె."

ఎప్పుడూ నోరెత్తని రాజీ లేచి నిలబడింది. "అన్నా, కిరాయింట్ల సస్తే శవాన్ని వాకిట్ల సుత పెట్టనియ్యరే. నాకింత జాగ కావాలె. నీకు చెప్పాల్నంటే భయమైంది."

వీరయ్య చీరల కవరు బల్ల మీద పడేసి, బండి తీసుకుని పోయాడు.

యాకమ్మ ఆ బండి చప్పుడు మలుపు తిరిగేదాకా విన్నది. "పోయిండే రాజీ. ఇగ రాడు."

"రానియ్ రాకపోనియ్. అనాల్సింది అన్నవు గదా," అంటూ చెల్లెలు అక్క చేయి పట్టుకుంది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. ఎల్లేశ్ మూడు కాగితాలు వేరేవాళ్లవి రాసేశాడు. అప్పుడు వచ్చాడు వీరయ్య. చేతిలో మిర్చి బజ్జీల పొట్లం, కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొట్లం రాజీ ఒళ్లో పెట్టాడు.

"రోడ్డు దిక్కు అరెకరం దీనికి. ఇల్లు కట్టుకుంటది. మెట్ట చెల్క దిక్కు అరెకరం నీకు. బోరు మాత్రం నాదే."

"బోరు నీదే తమ్మీ. నీళ్లు ముగ్గురియి."

"కరెంటు బిల్లు ఎవ్వలు కడ్తరు?"

"ముగ్గురం కడ్తం. రాత్రిపూట నీళ్లు మళ్లిచ్చే మడికట్టు నువ్వు జూస్కో."

"గదేం లెక్క? నేనొక్కన్నే నిద్ర పాడు చేసుకోవాల్నా?"

"మాకు పాములంటే భయమాయె," అంది రాజీ బజ్జీ నములుతూ.

ఎల్లేశ్ కొత్త కాగితం తీసి, కలం పట్టుకుని వాళ్లవైపు చూస్తూ కూర్చున్నాడు.