ముందే చెప్పిన సాక్ష్యం

మార్కాపురంలో అభిలాష్ దుకాణంలో ల్యాప్‌టాప్ అడుగు మూత ఊడదీసి ఉంది. బల్లకు ఇవతల సంతోషమ్మ, పక్కనే కూతురు షారోన్ కూర్చున్నారు. షారోన్ ఒక యానిమేషన్ వీడియో చేసి సాయంత్రంలోగా హైదరాబాదు కంపెనీకి పంపాలి. అది నచ్చితేనే ఉద్యోగం. ల్యాప్‌టాప్ ఏమో ప్రతిసారీ సగంలోనే బిగుసుకుపోతోంది. గ్రాఫిక్స్ కార్డు మారిస్తే సరిపోతుందని ఎవరో అన్నారు.

ఆ మాట విని సంతోషమ్మ ఊరుకుందా? మొన్న ఆదివారం చర్చిలో లేచి నిలబడి, "నా బిడ్డ కంప్యూటరు బాగయింది, ఉద్యోగమొచ్చింది, ప్రభువుకు స్తోత్రం" అని సాక్ష్యం చెప్పేసింది. విశ్వాసంతో ముందే చెబితే జరిగి తీరుతుందని ఆమె ధీమా. అందరూ చప్పట్లు కూడా కొట్టారు.

"ఇది మారేది కాదు పెద్దమ్మా," అన్నాడు అభిలాష్. "పెద్ద కంప్యూటరుకైతే కార్డు పీకి ఇంకోటి పెడతాం. దీంట్లో చిప్పు బోర్డుకే అతికించి ఉంది."

"ఎట్లయినా చూడు నాయనా."

"చూసేదానికేముంది? మంచి కార్డున్న కంప్యూటరు ఎవరికాడన్నా ఉంటే దాంట్లో చేసుకోండి."

షారోన్ తలెత్తింది. "మన చర్చిలో ఉంది కదమ్మా, యూట్యూబులో ఆరాధన లైవు పెట్టే కంప్యూటరు!"

అది అడగాలంటే ఎందుకో చెప్పాలి, ఆదివారం సాక్ష్యం అబద్ధమని తేలిపోతుంది. ఊరికి తిరిగొచ్చే త్రిపురాంతకం బస్సులో దారి పొడుగునా సంతోషమ్మ ఇంకో అబద్ధం కోసం వెతికింది. ఒక్కటీ అతకలేదు.

వాళ్లు చర్చికి చేరేసరికి శుక్రవారం ఉపవాస కూడిక నడుస్తోంది. తెరమీద పాటల అక్షరాలు వెలుగుతున్నాయి. అవీ ఆ కంప్యూటరు నుంచే. పాట అయిపోగానే సంతోషమ్మ ముసుగు సర్దుకుని లేచింది.

"అయ్యగారూ, ఆదివారం నేను చెప్పింది అబద్ధం. ఏదీ కాలేదు. నా బిడ్డకు ఆ కంప్యూటరు కావాల, సాయంత్రం దాకా."

ఆమెకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"ఇప్పుడు తెర ఆపితే పాటలెట్ల?" అన్నారు పాస్టరుగారు.

వెనక నుంచి ముసలి ఏబేలు కసిరాడు. "నాకు చదువే రాదు గదయ్యా! ఆ తెర నేనెప్పుడు చూసినాను? పిల్లను కూచోబెట్టండి."

తెర ఆరిపోయింది. షారోన్ కంప్యూటరు ముందు కూర్చుంది. ఏబేలు పాట ఎత్తుకున్నాడు, తక్కినవాళ్లు అందుకున్నారు. సంతోషమ్మ మాత్రం కూతురి వీపునే చూస్తూ, నాలుక చివరికొచ్చిన స్తోత్రాన్ని ఈసారి పంటి బిగువున ఆపుకుంది.