తొమేజో అడగలేదు

పెట్టెలో నాలుగు గిన్నెలు సర్ది, మూతలమీద పల్చటి కాగితం బిగించి, తొమేజో దాన్ని బండి వెనక స్ప్రింగుల కొక్కేనికి తగిలించాడు. మలుపులో బండి ఎంత ఒరిగినా ఆ పెట్టె నిటారుగానే వేలాడుతుంది, చారు చుక్క ఒలకదు. తర్వాత కిక్కు కొట్టాడు. బండి లేవలేదు. మామూలుగా అయితే సీటుమీద చెయ్యేసి కాసేపు ఆగేవాడు. ఇవాళ పళ్లు కొరుకుతూ వరసగా నాలుగు కొట్టాడు. పెట్రోలు ఎక్కువై బండి దగ్గింది. తప్పు తనదేనని తెలిసి అతనికి ఇంకా మండుకొచ్చింది.

డెబ్భై ఒక్కేళ్లవాడు. పొట్టి మనిషి, దొడ్డికాళ్లు, కొండగాలికి తోలులా మారిన మెడ. జపాన్‌లో కిర్యూ అనే నేత ఊళ్లో, చారులో లావు గోధుమ సేమ్యాలు వేసి ఇచ్చే ఉడోన్ కొట్టు నుంచి ఇంటింటికీ వేడి గిన్నెలు మోయడం మొదలుపెట్టి నలభై మూడేళ్లయింది. అంతకుముందు మగ్గాలు బాగుచేసేవాడు. మిల్లు మూతపడ్డాక కొట్టు యజమాని గెన్‌పెయ్ పిలిచి ఈ బండి చేతికిచ్చాడు.

అప్పటికే అది పాతది. కాలెత్తి దూకి ఎక్కే పనిలేని చిన్న బండి, ముందు కాళ్లకు బురద తగలకుండా తెల్లటి అడ్డు. గేర్లు మూడూ కాలితోనే, క్లచ్చి పిడి అంటూ లేదు. ఎడమచేతికి పనిలేని బండి అన్నమాట. అందుకే వయసులో ఉన్నప్పుడు ఆ చేత్తో భుజమ్మీద ఐదు పళ్లేల దొంతర మోస్తూ సందుల్లో దూసుకుపోయేవాడు. ఆదివారం వస్తే దాన్ని విప్పి, ప్రతి బోల్టూ కిరసనాయిల్లో కడిగి, పాత పేపరు మీద పేర్చి, మళ్లీ బిగించేవాడు. చైను చప్పుడులో తేడా వస్తే ఆ వారమంతా అన్నం సహించేది కాదు. పెళ్లి చేసుకోలేదు. ఒకప్పుడు నూలు చుట్టే ఒకమ్మాయి అంటే ఇష్టం. ఆమెనీ అడగలేదు. ఆమె తకాసాకి ఊరివాణ్ణి పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది.

పోయిన వారం గెన్‌పెయ్ కొడుకు యసుహిరో వంటింట్లోకి వచ్చి, ఇక ఇళ్లకు పంపడం ఆపేస్తున్నామని చెప్పాడు. బండి కొనుక్కోవడానికి సోమవారం సాయంత్రం నాలుగింటికి యొకొహామా నుంచి ఒకాయన వస్తాడట, అలాంటి బండ్లంటే ప్రాణమట. తొమేజో అలాగే అన్నాడు. ఆ 'అలాగే' అన్న నోటిని వారం రోజులుగా తిట్టుకుంటున్నాడు.

ఎందుకంటే ఆ బండి తనది. మూడేళ్ల కిందట పోయిన గెన్‌పెయ్, అంతకుముందు డిసెంబరు విందులో, "నేను పోయాక ఈ బండి నీదేనోయ్," అన్నాడు. విన్నది తనూ, సారా సీసా. ఆ మాట తను బయటపెడితే అడుక్కున్నట్టే. అన్నంపెట్టిన ఇంటిని నోరు తెరిచి వస్తువు అడగడమా? కళ్లున్నవాడికి కనబడదా, వాడంతట వాడే ఇవ్వాలిగానీ. చిన్నప్పుడు ఇదే బండి మీద కూర్చోబెట్టుకుని బడికి దింపాడు యసుహిరోని. కుర్రవెధవకి కళ్లు లేవు, అంతే.

ఇవాళ సోమవారం. మధ్యాహ్నమంతా ఆ కోపంతోనే తిరిగాడు. కూడలి దగ్గర తను ఎప్పుడూ దారిచ్చే బస్సుకి దారివ్వలేదు. రెండింటికి ఖాళీ గిన్నెలు పోగుచెయ్యడానికి మళ్లీ బయల్దేరాడు. గుమ్మాల పక్కన కడిగి బోర్లించిన గిన్నెలు ఎదురుచూస్తున్నాయి. నేత నేసే ముసలమ్మ ఫుసె మాత్రం గిన్నె బయటపెట్టకుండా చేత్తో పట్టుకుని నిలబడింది. ఎనభై నాలుగేళ్లొచ్చినా ఇంకా ఒక మగ్గం ఆడిస్తోంది. జుట్టులో దారప్పోగులు.

"ఆఖరి రోజంటగా. బండి నీకిచ్చారా?"

"వాళ్ల బండి కదమ్మా అది."

"అడిగావా?"

తొమేజో గిన్నె అందుకుని పెట్టెలో పెట్టాడు.

"అడగందే అమ్మైనా పెట్టదురా. మా ఆయనా నీ బాపతే. యాభై ఏళ్లు నా చేతి చారు తాగి, ఉప్పు తక్కువైందని ఒక్కనాడు అన్లేదు. పోయాక వాళ్లక్క చెప్పింది. ఇప్పుడు ఉప్పెవరికి వెయ్యను?"

ఆ మాట తొమేజోకి గుచ్చుకుంది. అడిగేస్తాను, ఇవాళ అడిగేస్తానని దారంతా పెదాలతో అనుకుంటూనే వచ్చాడు. కొట్టు ముందు బండి ఆపేసరికి యసుహిరో, అతని భార్య, వంటవాళ్లు వరసగా నిలబడి చప్పట్లు కొట్టారు. అతని చేతుల్లో పెద్ద పూలగుత్తి పెట్టారు. రంగుకాగితం చుట్టిన తువ్వాళ్ల పెట్టె పెట్టారు. ఇకనైనా హాయిగా ఉండమనీ, చలిలో ఆ పాతబండితో పడే బాధ తప్పిందనీ యసుహిరో కళ్లనీళ్లతో అన్నాడు. నిజంగా ప్రేమతోనే అన్నాడు. రెండు చేతులనిండా కానుకలు పెట్టుకుని మరొకటి అడగడమెలా? తొమేజో నడుం వంచి దణ్ణం పెట్టాడు. పూలని నేలకేసి కొట్టాలనిపించింది.

వెనక వసారాలో బండి కడుగుతూ కార్బురేటర్ మర ఒకటి సగం చుట్టు వదులు చేశాడు. యొకొహామా దొరగారు కిక్కు కొట్టి కొట్టి చావాలి. కాసేపటికి తిట్టుకుంటూ మళ్లీ బిగించాడు. దాని తప్పేముంది?

నాలుగింటికి వ్యాను వచ్చింది. దిగినవాడు నలభై ఏళ్లవాడు, పేరు షిరాయిషి, చేతులకు తెల్లటి గ్లౌజులు. మనుషుల కంటే ముందు బండికి దణ్ణం పెట్టాడు. మోకాళ్లమీద కూర్చుని చాసిస్ నంబరు చదివి, పంతొమ్మిదివందల అరవై ఆరో సంవత్సరం మొదటి నెలల్లో తయారైందని చెప్పాడు. రెండో గేర్లో సన్నగా మూలుగుతుందా అని అడిగాడు. చలికాలంలోనేనని తొమేజో చెప్పాడు. ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకున్నారు. నలభై మూడేళ్లలో ఆ బండి గురించి తొమేజోని ఎవరూ ఏమీ అడగలేదు. వీడు దొంగో దళారో అయితే బాగుండేది, మనసారా తిట్టుకోవచ్చు. మంచివాడు కావడంతో కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

షిరాయిషి పనిముట్లు తీశాడు. కొక్కెం, స్ప్రింగులు విప్పి పక్కన పెట్టాడు. మగ్గం ఇనుముతో తొమేజో తయారుచేసుకున్న స్టాండు కూడా విప్పాడు. ఇవి అసలువి కావు కదండీ అని నొచ్చుకుంటూ, నూనె కాగితంలోంచి ఇన్నేళ్లుగా ఎవరూ వాడని కంపెనీ గేరు పెడలు బయటికి తీశాడు. పాతది ఊడదీసి గోడవారన పెట్టి, కొత్తది బిగించాడు.

"అసలుది అంటే ఏంటి?" అన్నాడు తొమేజో. గొంతు పెంచలేదు. "నలభై మూడేళ్లు ఇది ఊరికి అన్నం మోసింది. అసలుదంటే అది. నువ్వు విప్పి పారేస్తున్నావే, అది."

షిరాయిషి ముఖం కందిపోయింది. యసుహిరో ఒకడుగు ముందుకేశాడు.

"బాబాయ్, నీకు కావాలా? ఒక్కమాట అంటే ఇచ్చేవాణ్ణి కదా. నీకు బరువని అమ్మేస్తున్నా."

"లేదు బాబూ, నాకెందుకు."

షిరాయిషి గ్లౌజులు తీసేసి తల వంచాడు. "ఉంచుకోండి పెద్దాయనా. కొంటానన్న మాట వెనక్కి తీసుకుంటా."

"వద్దు. అంతదూరం వచ్చారు. తీసుకెళ్లండి."

మొదటిసారి వద్దనడం మర్యాద. రెండోసారి వద్దనడం ఇంకా మర్యాద. మూడోసారి అడిగితే తలొంచి పుచ్చుకోవచ్చు, తొమేజో పెరిగిన ఇళ్లలో అంతే. తలొంచడానికి మెడ సిద్ధంగానే ఉంది. కుర్రవాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన రెండుసార్లు చెప్పాడు కదా, ఇంకా బలవంతం చేస్తే బాగోదనుకున్నారు. షిరాయిషి మళ్లీ గ్లౌజులు తొడుక్కున్నాడు. మర్యాద తగలెయ్య, ఇద్దరు మర్యాదస్థుల మధ్య పడ్డ వస్తువు మూడోవాడికే పోతుంది.

బండిని వ్యానెక్కించి, నాలుగువైపులా తాళ్లు కట్టి, దుప్పటి కప్పారు. వ్యాను మలుపు తిరిగేదాకా అందరూ వంగి నిలబడ్డారు. తొమేజో అందరికంటే లోతుగా వంగాడు, ముఖం ఎవరికీ కనబడకుండా. తర్వాత పూలగుత్తి చంకన పెట్టుకుని ఇంటికి నడిచి వెళ్లాడు. మర్నాడు రాలేదు. ఆ పైన ఆ వీధిలోకే రాలేదు.

గోడవారన కాంక్రీటు మీద పాత గేరు పెడలు అలాగే పడి ఉంది, మడమ ఆనేచోట రబ్బరు పోయి, కింద ఇనుము కూడా అరిగి గుంటపడి.