పౌడరు ఆగిన చోటు

"చెవుల వెనక కూడా రాయవే. ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు అయితే బళ్లో నవ్వరూ?" అన్నారు అత్తగారు కనకలక్ష్మి, కాఫీ గ్లాసు కింద పెడుతూ.

జయంతి కూతురి గడ్డం పట్టుకుని పౌడరు రాస్తోంది. రసజ్ఞ కళ్లు గట్టిగా మూసుకుని ముఖం ఎత్తి నిలబడింది. పళ్లు తోముకోవడం, జడలు వేయించుకోవడం, తర్వాత ఇది. మురికి కడుక్కున్నట్టే రంగు కప్పుకోవాలని ఎనిమిదేళ్ల పిల్లకి అలవాటైపోయింది. అలవాటు చేసింది ఎవరో కాదు, ఈ చేతులే. పెళ్లిచూపుల్లో అత్తగారు తన ముందే, "పిల్ల నలుపే. పోనీలే, చేతిలో బొమ్మలేసే విద్య ఉంది, మావాడికి పనికొస్తుంది" అన్నారు. పురిటి మంచం దగ్గర, "నీ పోలికే తెచ్చావు" అన్నారు. ఆ రెండు మాటలకీ రోజూ పొద్దున్నే డబ్బా మూత తీయడమే జయంతి జవాబు అయిపోయింది.

పిల్ల రిక్షా ఎక్కగానే జయంతి అంట్లు తోమి, అన్నం వార్చి, క్యారేజీ కట్టుకుని చందానగర్ బజారులోని షాపుకి వెళ్లింది. బొంబాయి రోడ్డు మీద 'బుల్లిబాబు ఆర్ట్స్' అంటే అందరికీ తెలుసు. మాదాపూర్‌లో ఆ గుండ్రటి అద్దాల మేడ లేచాక కంప్యూటర్ సెంటర్లు పుట్టగొడుగుల్లా వచ్చాయి. వాటి బోర్డులన్నీ మొదట్లో జయంతి భర్త బుల్లిబాబు రాసినవే. అతని చెయ్యి అక్షరాలకి మంచిది. ముఖాలకి రాదు. ముఖాలు షాపు వెనక, ప్లైవుడ్ అడ్డం చాటున, జయంతి వేస్తుంది. పెళ్లికి ముందు రాజమండ్రిలో డ్రాయింగ్ మాస్టారి దగ్గర నేర్చుకున్న పని అది. ముందు గదిలో గోడకి వేలాడే తాతలూ, అవ్వలూ, చనిపోయిన సర్పంచులూ అందరూ ఆమె చేతిలోంచి వచ్చినవాళ్లే. ప్రతి బొమ్మ కింద మూలన ఎర్రగా 'బుల్లిబాబు' అని ఉంటుంది. వెనక ఎవరో ఉన్నారని ఎవరైనా తొంగిచూస్తే అతను, "మా ఆవిడండీ. బ్రష్షులు కడుగుతుంది" అంటాడు. ఆ మాట వినపడినప్పుడల్లా ఆమె చేతిలో తడి బ్రష్షే ఉండేది.

నెల కిందట నర్సింహ వచ్చాడు. కోకాపేట మనిషి. ఉన్న భూమి అమ్మి టిప్పర్లు కొన్నాడు, మాదాపూర్‌లో షాపుల కాంప్లెక్స్ కడుతున్నాడు. ఒక ఫొటో బల్ల మీద పెట్టాడు.

"మా బిడ్డ, కృష్ణప్రియ. మెదడువాపు జరమొచ్చింది. దవాఖాన్ల రెండు దినాలు..." అని ఆగిపోయాడు. "కొత్తింట్ల హాల్ల పెడతం. పెద్దపెద్ద సార్లు వస్తరు. జర తెల్లగ కొట్టు, పెయింటర్ సాబ్."

గోడకి సున్నం కొట్టమన్నట్టే అన్నాడు.

"మీరు చెప్పాలాండీ. పాలరాతి బొమ్మలా దించేస్తాను" అన్నాడు బుల్లిబాబు.

మంచినీళ్లు తెచ్చిన జయంతి ఫొటో చూసింది. ఆరేళ్ల పిల్ల, స్టూడియో బల్ల మీద కూర్చుని ఉంది. ముఖం నిండా పౌడరు. కళ్లు తప్ప ఏమీ తెలియడం లేదు. కుడి చెవి దగ్గర మాత్రం పౌడరు ఆగిపోయింది. అక్కణ్ణుంచి ఒక చిన్న నల్లటి చెవి, దానికో బంగారు పోగు.

గడప దగ్గర నర్సింహ భార్య అంజమ్మ నిలబడి ఉంది. మగవాళ్లిద్దరూ కాంప్లెక్స్ గురించి మాట్లాడుకుంటుంటే జయంతి ఆమె దగ్గరికి వెళ్లింది.

"పాప ఎవరి రంగమ్మా?"

"నా రంగే అక్కా. ఫొటోల నల్లగ పడ్తదని నేనే రాసిన పౌడర్. ఉన్నది గీ ఒక్క ఫొటోనే." అంజమ్మ చీర కొంగు పక్కకి జరిపి, మోచేతి లోపలి వైపు తిప్పి చూపించింది. "గిట్ల ఉండె. ఎండ తాకని కాడ ఎట్లుంటదో, గట్ల. నీళ్లు పోసి తుడిస్తే మెరిసేది. ఇగ యాడ చూడాలె నేను?"

జయంతి ఆ చేతిని పట్టుకుని వెలుగులోకి తిప్పి చాలాసేపు చూసింది. అంజమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

నల్లటి ఒంటికి వెలుగు పైనుంచి రాదు. తెల్లరంగు కలిపితే బూడిద అవుతుంది. జయంతి ముందు ముఖమంతా లేత ఆకుపచ్చ పూసి ఆరబెట్టింది. దాని మీద కావి రంగుని అవిసె నూనెలో నీళ్లలా పల్చగా కలిపి ఒక పొర, అది ఆరాక తేనె రంగులో ఒకటి, మళ్లీ కావి. పొరలు పల్చనైతే వెలుగు లోపలికి వెళ్లి, అడుగునున్న పచ్చని తాకి, వెచ్చబడి బయటికి వస్తుంది. బుగ్గ ఎత్తులో, ముక్కు కొసన, కింది పెదవి మీద ఆ వెలుగు నిలబడేదాకా ఓపిక పట్టాలి. రాత్రికి పప్పు నానబోశానా, అత్తగారికి మాత్ర ఇచ్చానా అనుకుంటూనే ఆ ఓపిక పట్టింది. ఒక మధ్యాహ్నం నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే, అప్పుడే నీళ్లు పోసి తుడిచిన పిల్లలా ఉంది. ఆ చూపు తట్టుకోలేక జయంతి తల తిప్పుకుంది. రసజ్ఞ బుగ్గ కూడా ఇలాగే ఉంటుంది. ఆ బుగ్గని తను ఇంతసేపు ఎప్పుడైనా చూసిందా? రాయడానికి పట్టుకోవడమే తప్ప?

పొరలన్నీ ఆరాక బుల్లిబాబు చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఇదేంటే? ఆ మనిషి తెల్లగా అన్నాడు కదా."

"పాప రంగు ఇదేనండీ."

"పాప వచ్చి చెబుతుందా ఇప్పుడు?" అని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆ కాంప్లెక్స్ బోర్డులన్నీ మనకే ఇస్తానన్నాడు. ప్రతివాడూ కంప్యూటర్లో స్టిక్కర్లు కోయించుకుంటున్నాడు. నా చేతిరాత ఇంకెవడిక్కావాలి? నీకు నీ పిచ్చి."

అతని భయం నిజమే. అది జయంతికి తెలుసు. అతనికి మాత్రం ఆమె చేతిలోది పనిలా ఏనాడూ కనపడలేదు. తెల్లరంగు ట్యూబు పిండి, కాస్త గులాబి కలిపి, బోర్డు మీద అక్షరం నింపినట్టు ఆ ముఖాన్ని నింపేశాడు. మూలన ఎర్రగా పేరు రాశాడు. జయంతి బ్రష్షులు కడిగింది.

మర్నాడు పొద్దున్నే నర్సింహ దంపతులు వచ్చారు. "మస్తుగున్నది" అన్నాడు నర్సింహ. ఒక్క చూపే చూసి, బుల్లిబాబు భుజం మీద చెయ్యి వేసి ఎదురుగా ఛాయ్ తాగడానికి తీసుకుపోయాడు.

అంజమ్మ బొమ్మ ముందు నిలబడి ఉంది. ఏడవలేదు.

"మల్ల పౌడర్ కొట్టిన్రా అక్కా నా బిడ్డకు" అంది.

జయంతి పాత పంచె గుడ్డ చింపి, టర్పెంటైన్లో కొంచెం తడిపి, పిండి, అంజమ్మ చేతిలో పెట్టింది.

"పైది ఇంకా తడే. కింద ఆరిపోయింది, పోదు. గట్టిగా రుద్దకు. పసిపిల్లకి తుడిచినట్టు తుడువు."

అంజమ్మ నుదుటి దగ్గర మొదలుపెట్టింది. తెల్లదనం గుడ్డకి అంటుకుని వచ్చేసింది. కనుబొమ్మ, చెక్కిలి, గడ్డం. వెలుగుతున్న నల్లటి ముఖం ఒక్కొక్క చోటే పైకి వచ్చింది. "ఆఁ, గిదే, గిదే" అని గొణుక్కుంటోంది తల్లి, పిల్ల ముక్కు పక్కన తుడుస్తూ.

గడప మీద చెప్పుల చప్పుడైంది. అంజమ్మ గుడ్డని చప్పున వీపు వెనక దాచుకుంది. అలా దాచుకునే చేతిని జయంతి బాగా ఎరుగును.

"ఎవరు చెడగొట్టారిది?" అన్నాడు బుల్లిబాబు.

"నేనేనండీ తుడిచింది" అంది జయంతి. "వేసిందీ నేనే. ఆ గోడ మీద ముఖాలన్నీ నేనే వేశాను."

నర్సింహ మూలనున్న పేరు చూశాడు. "పేరు నీది గద, సాబ్?"

బుల్లిబాబు నవ్వాడు. "ఆవిడకి ఒంట్లో బాగోవడం లేదండీ ఈమధ్య. రేపటికి మళ్లీ తెల్లగా చేసిస్తుంది."

"చెయ్యను" అంది జయంతి. అంజమ్మ వెనకనుంచి గుడ్డ తీసుకుని, మూలన ఇంకా తడిగా ఉన్న ఎర్ర పేరుని కూడా తుడిచేసింది. ఆ చోట తన పేరు రాయలేదు.

నర్సింహ అప్పుడు కూతుర్ని చూశాడు. నోరు వంకర పోయింది. "గిట్లనే ఉండె నా బిడ్డ. గిట్లుంటే రోజూ ఎట్ల చూడాలె నేను?" అని బయటికి నడిచాడు. బోర్డుల మాట తర్వాత మాట్లాడదామని బండి దగ్గర నుంచే అరిచాడు. బొమ్మని అంజమ్మే ఎత్తుకుంది. రంగు అంటకుండా అంచులు పట్టుకుని, ముఖం తనవైపు తిప్పుకుని. "నేను పండే అర్రల పెట్టుకుంట" అంది.

వాళ్లు వెళ్లాక బుల్లిబాబు షట్టర్ సగం దించి, "ఇంటికి పో. వస్తాను" అన్నాడు. ఆ 'వస్తాను'కి అర్థం జయంతి వీపుకి తెలుసు.

సాయంత్రం రసజ్ఞ బడినుంచి వచ్చింది. చెమటకి పౌడరు చారలు కట్టింది. జయంతి పిల్లని గుమ్మంలోనే కూర్చోబెట్టి, కొంగు తడిపి, నుదుటి దగ్గర మొదలుపెట్టింది. అత్తగారు లోపల్నుంచి ఏదో అంటున్నారు. సందులో స్కూటర్ ఆగింది. పిల్ల భుజాలు బిగుసుకున్నాయి.

"నాన్నొచ్చారమ్మా. రేపు రాయవా?"

"రాయను."

"మరి నల్లగా కనిపిస్తానుగా."

జయంతి చెవి దాకా తుడిచి, పిల్ల ముఖాన్ని వెలుగువైపు తిప్పింది.

"కనిపించు" అంది.