ఊపిరి సలపని పని

గాజు సీసాల ఫ్యాక్టరీ గేటు పక్కన ఒక నల్లబోర్డు ఉండేది. పాత యజమాని బతికున్నంతకాలం దాని మీద ‘చేతులు జాగ్రత్త’, ‘పెంకుల మీద నడవకండి’ లాంటి పనికొచ్చే మాటలు కనిపించేవి. కొడుకు పగ్గాలు పట్టాక ఆ బోర్డును స్టోర్ గుమస్తాకు అప్పగించాడు. పనివాళ్లకు చేతి తొడుగులు, నూనె డబ్బాలు, గోనెసంచులు ఇచ్చే మనిషి ఆయన. పొద్దున్నే గేటు తెరిచేలోగా బోర్డు మీద ఒక మాట రాయాలి. సుద్దముక్క ఆయన జేబులోనే ఉండాలి. బోర్డు మీద ఇంకెవరి చెయ్యీ పడకూడదు. అది అక్కడి కట్టుబాటు.

ఆయన్ని అందరూ శ్లేషయ్య అనేవాళ్లు. ఒకే మాటలో రెండర్థాలు పలికిస్తే దాన్ని శ్లేష అంటారని కనపడ్డ ప్రతివాడికీ ఆయనే పాఠం చెప్పాడు కాబట్టి ఆ పేరు ఆయనకే అంటుకుంది. కుర్రకారు మాత్రం ‘డబుల్ మీనింగ్ గారు’ అని పిలిచేవాళ్లు. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆయన భార్యకు తల కొట్టేసినట్టుండేది.

“కూరగాయల కొట్లో నన్ను చూసి మూతి బిగపట్టి నవ్వుతున్నారు. మీరేవో పచ్చిబూతులు రాస్తున్నారనుకుంటున్నారు వాళ్లు” అనేది.

“అనుకోనీవే. నా రాత అందరికీ అందేది కాదు” అనేవాడు శ్లేషయ్య, మీసం దువ్వుకున్నంత పని చేసి.

అందకపోవడమే ఆయనకు కావలసింది. పనివాళ్లు విశ్రాంతి తీసుకోడానికి ఒక గది కట్టిస్తానని యజమాని మూడోసారి చెప్పిన మర్నాడు బోర్డు మీద ‘మన యజమాని మాట ఇచ్చారంటే మాటే!’ అని రాశాడు. చదివినవాళ్లందరూ ఆహా అనుకుని లోపలికి పోయారు. ఇచ్చేది మాట ఒక్కటే, గది కాదు అన్న సంగతి ఒక్కడికీ తట్టలేదు. ఫ్యాక్టరీ డబ్బు తిన్నంత తిని ఉద్యోగం మానేసిన మేనేజరు వీడ్కోలు రోజున ‘మేనేజరుగారు మిగిల్చి వెళ్లే లోటు ఎవరూ పూడ్చలేనిది’ అని రాస్తే, పాపం ఆ మేనేజరు బోర్డు ముందు నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. ఆ పూట శ్లేషయ్య స్టోర్ తలుపు దగ్గరగా వేసుకుని, నూనె డబ్బాల మధ్య కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వాడు.

లోలోపల ఆయన తనొక పులినని అనుకునేవాడు. యజమానిని గేటు దగ్గరే, అందరి ఎదుటే తిట్టి, సాయంత్రం క్షేమంగా ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునే మగాడు ఇంకెవడున్నాడని మురిసిపోయేవాడు. ఎవరికీ వినపడకుండా తిట్టడంలో సుఖం ఉంది, కాదనను. దానికి ధైర్యం అని పేరు పెట్టుకోవడంలోనే వచ్చింది చిక్కంతా.

ఆయన బావమరిది బట్టీలో పనిచేసేవాడు. గాజు కరిగించే కొలిమి ఉన్న పెద్ద షెడ్డుని అక్కడ బట్టీ అంటారు. అక్క ఇంటికి ఆనుకుని ఉన్న వాటాలోనే అతని కాపురం. పొగనీ పొడినీ బయటికి లాగే పెద్ద ఫ్యాను వానలు మొదలైనప్పుడు ఆగిపోయింది. మోటారు కాలిపోయింది. కొత్త మోటారు తెప్పించలేదన్న సంగతి శ్లేషయ్య కంటే బాగా ఇంకెవరికి తెలుస్తుంది? వస్తే ఆయన స్టోర్‌కే రావాలి. వానలు వెలిశాయి, ఎండలు మొదలయ్యాయి, మోటారు జాడ లేదు. బట్టీలో మనుషులు తడిగుడ్డ మూతికి కట్టుకుని పనిచేస్తున్నారు. ఒకతను అడగబోతే మర్నాటి నుంచి అతన్ని పనిలోకి రావద్దన్నారు. ఆ తర్వాత ఎవరూ నోరెత్తలేదు. గోడ అవతల బావమరిది దగ్గు మొదలెడితే, అది ఆగేదాకా ఇవతల అక్క చేతిలో పని ఆగిపోయేది.

అలాంటి రోజుల్లో ఒక కబురు వచ్చింది. ఏదో పెద్ద కంపెనీవాళ్లు సీసాలు కొనడానికి వస్తున్నారట. సీసాలతో పాటు పనివాళ్లు ఎలా ఉన్నారో కూడా చూస్తారట. పద్ధతిగా లేదని వేరే ఫ్యాక్టరీ నుంచి బేరం మానుకుని వెళ్లిపోయారట. ఆ సాయంత్రం బావమరిది బట్టీవాళ్లను ఇద్దరిని వెంటబెట్టుకుని బావ ఇంటి గుమ్మంలోకి వచ్చాడు.

“బావా, రేపు వాళ్లు గేటు దగ్గర కారు దిగుతారు. ముందు చూసేది నీ బోర్డే. ఒక్క మాట రాయి. బట్టీలో ఫ్యాను పనిచేయట్లేదు, ఊపిరాడట్లేదు అని. అంతే.”

“మేం రాస్తే ఎవడు రాశాడని వెతుకుతారండి” అన్నాడు వెంట వచ్చినవాళ్లలో పెద్దవాడు. “మీ చెయ్యి అయితే అది బోర్డు మాటే అవుతుంది. చూసినవాళ్లు ఊరుకోరు. ఏదీ బట్టీ చూపించండి అంటారు. వాళ్లు ఒక్కసారి లోపలికొస్తే చాలు, ఇంక మేం చెప్పక్కర్లేదు.”

శ్లేషయ్యకు వెంటనే కాదనాలనిపించింది. కానీ ఎదురుగా భార్య నిలబడి ఉంది. తమ్ముడి ముఖం చూస్తోంది, మొగుడి ముఖం చూస్తోంది.

“రాస్తాన్రా. దీనికి ఇంత బతిమాలడం ఎందుకు?” అన్నాడు.

“సూటిగా రాయండి” అంది ఆవిడ.

“సూటిగానే.”

బావమరిది బావ చెయ్యి పట్టుకుని వదల్లేదు కాసేపు. అతని అరచేయి ఎండిన తోలులా గరుగ్గా ఉంది.

మర్నాడు గేటు దగ్గరికి శ్లేషయ్య అందరికంటే ముందే వెళ్లాడు. తడిగుడ్డతో బోర్డు తుడిచాడు. సుద్దముక్క తీశాడు. ‘బట్టీలో ఫ్యా’ అని రాసి ఆగిపోయాడు. పనిలోకి రావద్దనిపించుకున్న మనిషి గుర్తొచ్చాడు. ఆ మనిషి ఇప్పుడు సంత బయట కూర్చుని తాళాలు బాగుచేస్తున్నాడు. ఈ వయసులో తనను ఎవరు పిలిచి పని ఇస్తారు? అది భయం. కానీ తను భయపడుతున్నానని ఆయన ఒప్పుకోలేదు. ఇదేం రాత, ఇది అరుపు కదా అనుకున్నాడు. ఇంతకాలం చేసిన సాధన ఏమైనట్టు అనుకున్నాడు. సాక్షాత్తూ యజమాని ముందే నిజం చెప్పొచ్చు, తలా కాపాడుకోవచ్చు, అదే కదా తన విద్య అనుకున్నాడు. రాసింది చెరిపేశాడు. అందమైన గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాడు:

‘ఊపిరి సలపనంత పని కల్పించిన యజమానికి బట్టీ కార్మికుల వందనాలు!’

వెనక్కి జరిగి చూసుకున్నాడు. ఇంతకుముందు రాసినవన్నీ దీని ముందు దిగదుడుపే అనిపించింది. తీరిక లేనంత పని అని పైన ఒక అర్థం. ఊపిరాడక చస్తున్నాం అని కింద ఇంకో అర్థం. బుర్ర ఉన్న అతిథి అయితే పట్టుకోకుండా ఉంటాడా? పైగా బట్టీ అన్న మాట కూడా పెట్టాడు. బావమరిదికిచ్చిన మాట నిలబెట్టుకున్నానని కూడా అనుకున్నాడు, అదీ విశేషం.

కార్లు వచ్చాయి. వచ్చినవాళ్లలో పెద్ద ఒక ఆవిడ. బోర్డు ముందు ఆగి, కళ్లజోడు సర్దుకుని, పైకే చదివింది. స్టోర్ కిటికీలోంచి చూస్తున్న శ్లేషయ్య ఊపిరి బిగబట్టాడు.

“అబ్బో! మీ దగ్గర ఆర్డర్లకు లోటు లేదన్నమాట” అంది ఆవిడ నవ్వుతూ. “పని ఎక్కువైందని గొణిగేవాళ్లనే చూశాను గానీ, దండం పెట్టేవాళ్లను ఇప్పుడే చూస్తున్నాను.”

యజమాని బోర్డు వంక చూశాడు. చూసినంతసేపూ అతని ముఖంలో ఏమీ కదల్లేదు. తర్వాత నవ్వి, “మా వాళ్లు బంగారమండి” అన్నాడు.

“అయితే బట్టీవైపు ఇప్పుడు వద్దులెండి. అంత పనిలో ఉన్నప్పుడు మనం వెళ్లి అడ్డం పడటం దేనికి? సీసాలు చూపించండి, చాలు.”

అందరూ ఆఫీసు గదిలోకి వెళ్లిపోయారు. వాళ్ల వెనకే టీ వెళ్లింది.

బట్టీలో మనుషులు తలుపు వైపు చూస్తూనే ఉన్నారు. వాళ్ల కోసం పొద్దున్నుంచి నేల ఊడ్చలేదు కూడా, ఉన్నది ఉన్నట్టు చూడనీ అని. ఎవరూ రాకపోయేసరికి బావమరిది మూతిగుడ్డ కిందికి లాక్కుని గేటు దాకా వెళ్లాడు. బోర్డు చదివాడు. మళ్లీ చదివాడు. ఆవిడ అన్నదంతా గేటు కాపలావాడు చెప్పాడు. అక్కణ్నుంచి తిన్నగా స్టోర్‌లోకి వచ్చాడు. అతని వెనక ఇంకో నలుగురు వచ్చారు.

“దండాలు పెట్టించావా బావా? మా చేత?”

“ఒరేయ్, ఆగు. సరిగ్గా చదవలేదు నువ్వు. ఊపిరి సలపని అంటే ఏంటి? ఊపిరాడని అనేగా! పైకి పొగిడినట్టు ఉంటుంది, లోపల మాత్రం…”

ఆయన గబగబా విడమరిచి చెప్పాడు. చెబుతున్నకొద్దీ ఆయనకే ఉత్సాహం వచ్చింది, చేతులు కూడా తిప్పాడు. చెప్పడం అయ్యాక ఎవరైనా భలే అంటారేమోనని చూశాడు. సిగ్గుచేటు, కానీ చూశాడు.

“అంటే మాకు ఊపిరాడట్లేదని నీకు బాగా తెలుసు” అన్నాడు బావమరిది మెల్లగా. “తెలియక రాశావనుకున్నాను. తెలిసే దాచావన్నమాట.”

“దాచలేదురా, అందులోనే ఉంది…”

“వాళ్లు బట్టీ చూడకుండా ఆఫీసులోకి పోయారు బావా. మేం పనిలో ఉన్నామట. అడ్డం రాకూడదట.” దగ్గు వచ్చింది అతనికి. గోనెసంచుల కట్ట మీద చెయ్యి వేసి వంగిపోయాడు. దగ్గు తెరిపిచ్చాక పెదవి తుడుచుకుని, “నువ్వు ఏమీ రాయకుండా ఉన్నా లోపలికొచ్చి ఉండేవాళ్లు” అన్నాడు.

ఆ మాట శ్లేషయ్యకు చెంపదెబ్బలా తగిలింది. అందులో విడమరచడానికి ఏమీ లేదు. ఆయన స్టోర్ వదిలేసి, తాళం కూడా వేయకుండా, ఆఫీసు వైపు నడిచాడు. నడక కాదది, పరుగే. తలుపు తట్టకుండా తోసుకుని లోపలికి వెళ్లాడు. అన్నేళ్ల ఉద్యోగంలో అలా వెళ్లడం అదే మొదటిసారి. బల్ల మీద సీసాలు వరసగా పెట్టి ఉన్నాయి. అతిథులు లేవబోతున్నారు.

“బట్టీలో ఫ్యాను ఆగిపోయిందండి. ఊపిరాడట్లేదు. మనుషులు చచ్చిపోతున్నారు” అన్నాడు ఒక్క గుక్కలో.

అతిథులు యజమాని వైపు తిరిగారు. ఆ ఒక్క క్షణం అంతా సరిగ్గా జరిగేలాగే ఉంది.

యజమాని పగలబడి నవ్వాడు. “కంగారు పడకండి. ఈయనే మా శ్లేషయ్య. గేటు దగ్గర బోర్డు రాసేది ఈయనే. ఏది చెప్పినా రెండర్థాలు ఉండాల్సిందే. రెండోది మనం పట్టుకోవాలి.”

“ఓహో, బోర్డాయనా!” ఆవిడ ముఖం విప్పారింది. “ఉండండి, ఉండండి, చెప్పకండి. ఫ్యాను ఆగిపోయింది… ఊపిరాడట్లేదు… ఫ్యాను అంటే అభిమాని! సినిమావాళ్లకు ఉంటారే, ఆ ఫ్యాను! యజమానికి ఈయన వీరాభిమాని. సీసాల అందం చూసి ఊపిరాడక ఆగిపోయాడు. అవునా?”

పక్కనున్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

“కాదండి. రెండో అర్థం లేదు. నిజంగా ఫ్యానే. తిరిగే ఫ్యాను.”

“తిరిగే ఫ్యానట! మీ వెనకాలే తిరుగుతాడన్నమాట!” అన్నాడు ఆవిడ పక్కనున్నాయన. ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. శ్లేషయ్య అందరి ముఖాలూ చూశాడు. చెడ్డవాళ్లు కారు వాళ్లు. మంచి శ్లేష దొరికిందని మనసారా సంతోషపడుతున్నారు. ఇంక ఏ మాట వాడినా రెండో అర్థం కోసం దాన్ని గిల్లి చూస్తారని ఆయనకు అర్థమైంది. చేతులు జోడించాడు. అదీ నమస్కారమే అనుకుని ఆవిడ తిరిగి నమస్కారం పెట్టింది.

కార్లు కదిలాక యజమాని ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. గొంతు పెంచలేదు.

“బోర్డు మీద రాసింది చాలా బాగుంది శ్లేషయ్యా. చూడగానే తెలిసింది నాకు. గది మాటా తెలిసింది, మేనేజరు లోటూ తెలిసింది. నువ్వు రాసినవన్నీ ముందు నేనే చదువుతాను, నవ్వుకుంటాను.”

“మరి నన్నెందుకు ఉంచారు?” అని అడిగాడు శ్లేషయ్య.

“నువ్వు రాస్తున్నన్నాళ్లూ ఇంకెవడూ రాయడు కదయ్యా” అన్నాడు యజమాని. “రేపటి మాట కూడా మంచిది ఆలోచించు.”

బావమరిది మెట్ల కింద నిలబడి ఉన్నాడు. ఆఫీసు గదిలోంచి వచ్చిన నవ్వులు, చప్పట్లు అతని దాకా వినపడ్డాయి.

“చెప్పావా?”

“చెప్పాన్రా.”

“సూటిగానా?”

“సూటిగానే. మనుషులు చచ్చిపోతున్నారు అని చెప్పాను.”

“దానికి చప్పట్లు కొట్టారా?”

బావమరిది శ్లేషయ్య కళ్లలోకి కాసేపు చూశాడు, బావ మాటల వెనక ఇంకేముందోనని వెతుకుతున్నట్టు. తర్వాత వెతకడం మానేశాడు. మూతికి గుడ్డ బిగించి కట్టుకుని, బట్టీలోకి వెళ్లిపోయాడు.