మబ్బక్క ఏ పొరలో పడుతుంది?

రోజూ పొద్దున స్టూడియో తలుపు తీయగానే ఫొటోగ్రాఫరు చేసే మొదటి పని, ఆ రోజుకు కావలసిన ఫిల్ము డబ్బాలు ఫ్రిజ్‌లోంచి తీసి బల్ల మీద పెట్టడం. చల్లదనం పోయేదాకా మూత తీయడు. తీస్తే లోపల చెమ్మ పడుతుంది. ఆ గంటసేపూ గది ఊడ్చుకుంటాడు, లెన్సులు తుడుచుకుంటాడు.

అలా తుడుచుకుంటూ ఉండగా ఒకరోజు అక్కాచెల్లెళ్లిద్దరు వచ్చారు. చెల్లెలికి పది రోజుల్లో పెళ్లి. అక్క పుట్టినప్పటి నుంచీ నలుపూ తెలుపుల్లోనే ఉంది. ఒళ్లు, పెదవులు, గోళ్లు, అన్నీ పాత ఫొటోలోలా బూడిద రంగే. బట్టలు మాత్రం చిలకాకుపచ్చవీ ముదురు ఎరుపువీ వేసుకునేది. అందరూ ఆమెను మబ్బక్క అనేవాళ్లు. ముసురు పట్టిన రోజు రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త అని చెప్పడం తప్ప, ఎవరూ ఆ సంగతి పెద్దగా పట్టించుకునేవాళ్లు కాదు.

ఇంట్లో ఫొటోలు తీసేటప్పుడు మబ్బక్క అందరి సంచులూ పట్టుకుని పక్కన నిలబడేది. రంగుల ఫొటోలో తనను ఎక్కడి నుంచో కత్తిరించి అతికించినట్టు ఉంటుందని నవ్వేసేది. సంబంధాలేవీ కుదరలేదు. చెల్లెలి పెళ్లయ్యాక ఆ ఇంటికే వెళ్లి, వంటా పనీ చూసుకుంటూ అక్కడే ఉండిపోవాలని పెద్దవాళ్లు అనేసుకున్నారు. ఆమెను అడిగినవాళ్లు లేరు.

చెల్లెలి బెంగ పెళ్లి హాలు గురించి. ఒకవైపు కిటికీలు, రెండోవైపు పసుపుపచ్చటి బల్బులు. పిన్ని కూతురి పెళ్లి అక్కడే జరిగిందట. ఫొటోల్లో వియ్యాలవారితో సహా అందరికీ కామెర్లు వచ్చినట్టున్నాయట. ఆ ఫొటోలు తీసింది తనేనని ఫొటోగ్రాఫరు చెప్పలేదు.

మూడు రకాల ఫిల్ములు వాళ్ల ముందు పెట్టాడు. మొదటిది మెత్తనిది, చర్మం నునుపుగా వస్తుంది గానీ వెలుతురు బాగా కావాలి. రెండోదానిలో బట్టలూ పూలూ దూకినట్టు కనిపిస్తాయి, మొహాలే చెంపదెబ్బ తిన్నట్టు ఎర్రబడతాయి. మూడోది చీకటి గదిలోనూ పని చేస్తుంది, కానీ ఫొటో అంతా సన్నటి ఇసక చల్లినట్టుంటుంది.

మబ్బక్క ఒక్కో డబ్బా తిప్పి తిప్పి చూసింది. "ఎదురుగా ఉన్నది ఎరుపని ఫిల్ముకెలా తెలుస్తుందండీ?"

ఇరవై ఏళ్లలో ఎవరూ ఆ మాట అడగలేదు. ఫొటోగ్రాఫరు కుర్చీ లాక్కుని కూర్చుని, ఫిల్ము మీద మూడు పొరలుంటాయనీ, ఒకటి ఎరుపునీ ఒకటి ఆకుపచ్చనీ ఒకటి నీలాన్నీ పట్టుకుంటుందనీ చెప్పాడు.

"మరి నేను ఏ పొరలో పడతాను?"

అతను డబ్బా పట్టుకున్న ఆమె చేతికేసి చూశాడు. "మూడింట్లోనూ సమానంగా పడాలమ్మా. పడతారో లేదో తీసి చూడాల్సిందే."

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురూ హాలుకు వెళ్లారు. చెల్లెలు కిటికీకీ బల్బులకీ మధ్య నిలబడింది. మబ్బక్క ఎంత పిలిచినా ఫొటోలోకి రానంది. చెల్లెలి జుట్టు మొహం మీద పడితే సర్దడానికి మాత్రం ముందుకొచ్చింది. ఆ చెయ్యి చెల్లెలి చెంప పక్కన ఉండగా అతను నొక్కేశాడు. మూడు ఫిల్ముల్లోనూ అలాగే చేశాడు.

ల్యాబులో ప్రింట్ల రంగులు సరిచూసేది ఒక పెద్దావిడ. మనిషి మొహం నిజంగా ఎంత ఎరుపో ఆవిడకు తెలిసే దారి లేదు. కొంచెం పెంచి, కొంచెం తగ్గించి, ఊహ మీదే నెట్టుకొచ్చేది. ఆ రోజు ఫొటోలో చెయ్యి చూసి ఆగిపోయింది. ఈ చెయ్యి నిజంగా ఈ రంగేనా అని అడిగింది. ఫొటోగ్రాఫరు వెంట వచ్చిన మబ్బక్క తన చెయ్యి బల్ల మీద పెట్టింది.

దూకే రంగుల ఫిల్ములో ఆ చెయ్యి ఊదాగా వచ్చింది. ఇసక ఫిల్ములో పాచి పట్టినట్టుంది. మెత్తని ఫిల్ములో కాస్త పసుపు తిరిగిందంతే. ఆ పసుపు తీసేస్తూ పోతే, చెయ్యి అచ్చం బల్ల మీది చెయ్యిలా అయినప్పుడు, చెల్లెలి మొహం ఎదురుగా మనిషి నిలబడ్డట్టు వచ్చింది. ఫిల్ము అక్కడే ఖాయమైంది. తక్కువయ్యే వెలుతురును ఫ్లాష్‌తో పూడ్చుకుంటానన్నాడు ఫొటోగ్రాఫరు.

పెళ్లిలో పన్నెండు రీళ్లు తీశాడు. రంగు సరిచూసుకోవడానికి ప్రతి రీల్లోనూ మొదటి ఫొటో మబ్బక్కదే. మొదట్లో ఆమె మొహం తిప్పేసుకుంది. "మీరు నిలబడకపోతే రీలు మొదలవదమ్మా" అన్నాడతను. ప్రింట్లు వేస్తూ ల్యాబావిడ పన్నెండు మొహాలనూ వరసగా పేర్చి చూసింది. మొదటిదాంట్లో మబ్బక్క బిగుసుకుపోయి ఉంది. ఏడోదాంట్లో ఏదో అడుగుతోంది. పన్నెండోదాంట్లో పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది. ఆవిడ ఫొటోగ్రాఫరుతో మబ్బక్కకు కబురు పంపింది.

ఆల్బమ్ చూడడానికీ, అక్కను తీసుకెళ్లడానికీ చెల్లెలు వచ్చిన రోజు, మబ్బక్క పెట్టె సర్ది గుమ్మం దగ్గర పెట్టి ఉంది. సర్దింది వాళ్లమ్మ.

"నేను వెళ్లడం లేదమ్మా. సోమవారం నుంచి ల్యాబుకు రమ్మన్నారు" అంది మబ్బక్క.

అమ్మ చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు ఆల్బమ్ మూసి, వంట తను నేర్చుకుంటానని చెప్పి, పెట్టెను లోపలికి లాక్కెళ్లింది.

సోమవారం ల్యాబులో మొదట వచ్చింది ఎవరో చంటిపాప ఫొటో. మబ్బక్క దాని పక్కన చెయ్యి ఆనించి చాలాసేపు చూసింది.

"నీలం ఎక్కువైంది. తగ్గించండి."

"ఎంత?" అంది పెద్దావిడ.

"నేను చాలనేదాకా."